ద్వారం వద్ద పలక: ఉక్కు కర్మాగారాల నెట్‌వర్క్‌లలో లాగిన్ హెచ్చరిక ఎవరి కోసం?

భిలాయ్: సైబర్ భద్రతా ఆడిట్ నివేదికలలో తరచుగా చివరి పుటల్లో, 'స్వల్ప ప్రాధాన్యం' అన్న శీర్షిక కింద కనిపించే అంశం ఒకటి ఉంది. ఫైర్‌వాల్, రౌటర్, స్విచ్ వంటి పరికరాలలోకి ప్రవేశించేటప్పుడు తెరపై కనిపించవలసిన హెచ్చరిక సందేశాన్ని అమర్చలేదని చెప్పే ఒక్క వరుస అది. సరిదిద్దడానికి నిపుణుడికి కొద్ది నిమిషాలు చాలు. అందువల్లనే ఎక్కడో దొరికిన నాలుగు ఆంగ్ల వాక్యాలను అతికించి, పట్టికలో 'పూర్తయింది' అని రాసి ముందుకు సాగడం పరిపాటిగా మారింది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ వంటి ఉక్కునగరంలో ఈ ఒక్క వరుసను మరింత నిదానంగా చదవవలసి ఉంటుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న ఇక్కడి కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తరువాతి దశాబ్దాలలో అది భారతీయ రైల్వేలకు పట్టాలు అందించే ప్రధాన కేంద్రంగా ఎదిగింది. ఆధునికీకరణలో భాగంగా 130 మీటర్ల పొడవైన ఏకఖండ పట్టాలను తయారుచేసే యూనివర్సల్ రైల్ మిల్లు, 'మహామాయ' అని పేరుపెట్టిన ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేస్ వచ్చి చేరాయి. విస్తరించిన కర్మాగారాన్ని 2018 జూన్ 14న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు.

ఇటువంటి సమగ్ర ఉక్కు కర్మాగారంలో ఉష్ణోగ్రత, వాయు పీడనం, నీటి ప్రవాహం వంటి కొలతలన్నీ నేడు నెట్‌వర్క్‌ల మీదుగానే నియంత్రణ గదికి చేరుతాయి. ఆ నెట్‌వర్క్‌లను కాపాడే పరికరాలను తాకే చేతులు అనేకం. శాశ్వత ఉద్యోగి, కాంట్రాక్టు కార్మికుడు, యంత్రాన్ని సరఫరా చేసిన సంస్థ ఇంజినీరు, వేరే నగరం నుంచి మరమ్మతు చేసే నిపుణుడు, ఆడిట్‌కు వచ్చిన బృందం. వీరిలో ఎవరికి ఎంతవరకు అనుమతి ఉంది? ఆ హద్దు దాటితే ఏమవుతుంది? వారు చేసే పని ఎక్కడ నమోదవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు పరికరమే సమాధానం చెప్పగల ఏకైక చోటు లాగిన్ తెర.

హెచ్చరిక సందేశం తాళం వంటిది కాదు. అనుమతి సరిహద్దును ప్రకటించే పలక వంటిది. ఆ పలక లోపలికి వచ్చేవారిని ఎంత కట్టడి చేస్తుందో, దానిని తగిలించిన యాజమాన్యాన్నీ అంతే కట్టడి చేస్తుంది. ఈ రెండవ సగాన్ని విస్మరించడం వల్లనే ఇది ఆడిట్ లాంఛనంగా దిగజారుతోంది.

ఉక్కు పరిశ్రమే లక్ష్యమైన వేళ

ముప్పు ఊహాజనితం కాదు. జర్మనీలోని ఒక ఉక్కు కర్మాగారంపై దాడి జరిగిందని ఆ దేశ సమాచార భద్రతా సంస్థ బీఎస్ఐ 2014 వార్షిక నివేదికలో వెల్లడించింది. మోసపూరిత ఈమెయిళ్ల ద్వారా కార్యాలయ నెట్‌వర్క్‌లోకి చొరబడిన దుండగులు అక్కడి నుంచి ఉత్పత్తి నెట్‌వర్క్‌లోకి పాకారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను పద్ధతి ప్రకారం ఆపలేని స్థితి ఏర్పడి భారీ నష్టం వాటిల్లింది. 2022 జూన్‌లో ఇరాన్‌లోని మూడు ఉక్కు సంస్థలపై దాడి చేసినట్టు ఒక బృందం ప్రకటించుకుంది. ఖూజిస్తాన్ ఉక్కు సంస్థ ఉత్పత్తిని నిలిపివేయవలసి వచ్చింది. 2025 మేలో అమెరికా ఉక్కు దిగ్గజం న్యూకోర్ సైబర్ ఘటన కారణంగా కొన్ని చోట్ల ఉత్పత్తిని తాత్కాలికంగా ఆపినట్టు తెలిపింది. మన దేశంలోనూ 2019 అక్టోబరులో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రానికి సంబంధించిన పరిపాలనా నెట్‌వర్క్ కంప్యూటరులో హానికర సాఫ్ట్‌వేర్ బయటపడినట్టు అణు విద్యుత్ సంస్థ ధ్రువీకరించింది.

ఈ దాడులలో దేనినీ లాగిన్ హెచ్చరిక ఆపి ఉండేది కాదన్నది నిజం. హానికర సాఫ్ట్‌వేర్ పలకలు చదవదు. చదివిన విదేశీ దుండగుడు భయపడి వెనుదిరగడు. ఈ వాస్తవాన్ని అంగీకరించకుండా హెచ్చరికను రక్షణ కవచంగా వర్ణించడం ఆత్మవంచన అవుతుంది.

అయితే బయటివారి దాడి ఒక్కటే ప్రమాదం కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 2000 సంవత్సరంలో జరిగిన మరూచీ ఘటన పారిశ్రామిక సైబర్ భద్రతా పాఠ్యాంశాలలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. మురుగునీటి నియంత్రణ వ్యవస్థను అమర్చిన కాంట్రాక్టు సంస్థలో గతంలో పనిచేసిన వ్యక్తి, రేడియో పరికరాల సహాయంతో ఆ వ్యవస్థలోకి పదేపదే ప్రవేశించాడు. సుమారు 8 లక్షల లీటర్ల మురుగునీరు ఉద్యానాల్లోకి, నదిలోకి పారింది. 2001లో న్యాయస్థానం అతనికి రెండేళ్ల జైలుశిక్ష విధించింది. అతనికి వ్యవస్థ తెలుసు, పరికరం తెలుసు, దారి తెలుసు. లేనిది అనుమతి ఒక్కటే. అనుమతి ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాతపూర్వకంగా చెప్పవలసిన అవసరం ఇటువంటి చోటనే కలుగుతుంది.

పుట్టుకలోనే ద్విముఖం

లాగిన్ హెచ్చరిక చొరబాటుదారులను బెదిరించడానికే పుట్టిందన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. చరిత్ర వేరే విషయం చెబుతుంది. 1992 డిసెంబరులో అమెరికాలోని సెర్ట్ సమన్వయ కేంద్రం, ఆ దేశ న్యాయశాఖ సలహాను ఉటంకిస్తూ ఒక ప్రకటన వెలువరించింది. వాడుకరులు కీబోర్డుపై నొక్కే ప్రతి మీటనూ నమోదుచేసే వ్యవస్థ నిర్వాహకులు, ఆ సంగతిని లాగిన్ సమయంలోనే తెలియజేయాలని అందులో సూచించారు. చొరబాటుదారుడిని గమనించే క్రమంలో నిర్వాహకుడే అక్రమ నిఘాకు పాల్పడిన వాడవుతాడేమోనన్న సందేహం దాని వెనుక ఉంది. అంటే ఆ సలహా అక్రమంగా ప్రవేశించే వాడితో పాటు కనిపెట్టి చూసే వాడినీ దృష్టిలో పెట్టుకున్నది.

తరువాతి కాలంలో రెండు న్యాయస్థానాల తీర్పులు ఈ రెండు ముఖాలనూ స్పష్టం చేశాయి. అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఒకరు తన కార్యాలయ కంప్యూటరులోని సమాచారానికి గోప్యతా హక్కు ఉందని వాదించగా, 2002లో పదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం అంగీకరించలేదు. విశ్వవిద్యాలయ కంప్యూటర్ విధానం, తెరపై కనిపించే హెచ్చరిక ఆ నిర్ణయంలో కీలకమయ్యాయి. దానికి భిన్నంగా, రుమేనియా ఉద్యోగి బర్బులెస్కు కేసులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థాన విస్తృత ధర్మాసనం 2017 సెప్టెంబరు 5న ఉద్యోగి పక్షాన తీర్పు చెప్పింది. నిఘా స్వభావం, పరిధి ఎంతటివో ముందుగా తెలియజేశారా లేదా అన్న అంశాన్ని ఆ దేశ న్యాయస్థానాలు సరిగా పరిశీలించలేదని తప్పుపట్టింది. ఒకచోట స్పష్టమైన సూచన యాజమాన్యాన్ని కాపాడింది; మరోచోట సూచన లోపం ఉద్యోగిని కాపాడింది.

భారత చట్టంలో 'అనుమతి' అన్న మాట

మన దేశంలో సమాచార సాంకేతికత చట్టం 2000 అక్టోబరు 17 నుంచి అమలులో ఉంది. దాని 43వ సెక్షన్ మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: అనుమతి. యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటరులోకి, నెట్‌వర్క్‌లోకి ప్రవేశించినా, సమాచారం తీసుకున్నా, నష్టం కలిగించినా పరిహారం చెల్లించవలసి ఉంటుంది. అదే పనిని దురుద్దేశంతో లేదా మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రభుత్వం 70వ సెక్షన్ కింద 'రక్షిత వ్యవస్థ'గా ప్రకటించిన వాటిలోకి అక్రమంగా ప్రవేశిస్తే శిక్ష పదేళ్ల వరకు ఉండవచ్చు.

హెచ్చరిక లేనంత మాత్రాన అనుమతి లభించినట్టు కాదు. తలుపుపై పలక లేని ఇంట్లోకి చొరబడినా నేరమే. 'స్వాగతం' అని తెరపై రాసి ఉన్నందువల్ల ఒక చొరబాటుదారుడు నిర్దోషిగా బయటపడ్డాడన్న కథ ఈ వృత్తివర్గాలలో తరచుగా వినిపిస్తుంది; దానికి తీర్పుల ఆధారం కన్నా జనశ్రుతి బలమే ఎక్కువ. అసలు చిక్కు వేరే చోట ఉంది. లోపలికి రావడానికి కొంత అనుమతి ఉన్నవాడు హద్దు మీరినప్పుడు, ఆ హద్దు తనకు తెలియదని అంటాడు. స్విచ్ మరమ్మతుకు పిలిచిన వ్యక్తి ఫైర్‌వాల్ నిబంధనలు మార్చవచ్చునా? పని ముగిసిన మరునాడు కూడా పాత పాస్‌వర్డుతో ప్రవేశించవచ్చునా? దురుద్దేశాన్ని నిరూపించవలసిన చోట, అతనికి హద్దు తెలుసునని చూపగల ఆధారానికి విలువ ఉంటుంది.

సాక్ష్యం విషయమూ అటువంటిదే. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం తప్పనిసరి అని 2020 జూలైలో అర్జున్ పండిట్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఆ ధ్రువపత్రాన్ని కొనసాగించింది. ఏ రోజున ఏ పరికరంలో ఏ సందేశం ఉందో, దానిని ఎవరు మార్చారో తెలిపే రికార్డు లేకపోతే, హెచ్చరిక ఉండేదన్న నోటిమాట న్యాయస్థానంలో నిలవడం కష్టం.

ట్యాగ్ సంస్కృతి ఉక్కునగరానికి కొత్త కాదు

భిలాయ్ ప్రజలకు పలక విలువ ఎవరూ బోధించనక్కరలేదు. ఉక్కు కర్మాగారంలో మరమ్మతుకు ముందు 'పర్మిట్' తీసుకుంటారు. విద్యుత్తు నిలిపివేసిన స్విచ్‌కు 'మనుషులు పనిచేస్తున్నారు, ఆన్ చేయరాదు' అన్న ట్యాగ్ తగిలిస్తారు. ఆ అట్టముక్క ఎవరి చేతినీ బలవంతంగా పట్టి ఆపలేదు. అయినా దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. దానిపై తగిలించిన వారి పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది. తీసే అధికారం ఎవరికి ఉందో అందరికీ తెలిసి ఉంటుంది. ట్యాగ్ తగిలించిన వ్యక్తి కూడా దానికి జవాబుదారీ.

అనుమతులు, హెచ్చరికలు ఎందుకు ముఖ్యమో ఈ నగరం కఠినంగానే నేర్చుకుంది. 2014 జూన్ 12న నీటి పంపు గృహం వద్ద విషవాయువు లీకై ఆరుగురు మరణించారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ విభాగంలోని గ్యాస్ పైపులైను వద్ద నిర్వహణ పనుల వేళ జరిగిన ప్రమాదంలో పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండూ సైబర్ ఘటనలు కావు. కాని కొలత తప్పినా, వాల్వు వేళ తప్పినా ఉక్కు కర్మాగారంలో మూల్యం ఎంతటిదో అవి చెబుతాయి. అటువంటి కొలతలను, వాల్వులను కలిపే నెట్‌వర్క్ పరికరానికి కూడా ఒక ట్యాగ్ ఉండాలనడంలో అతిశయోక్తి లేదు.

పారిశ్రామిక నియంత్రణ వ్యవస్థల భద్రతకు ఉద్దేశించిన ఐఈసీ 62443 ప్రమాణాలలో 'వ్యవస్థ వినియోగ ప్రకటన' ఒక ప్రత్యేక నిబంధనగా ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ నియంత్రణల జాబితాలోనూ ఇదే అంశం ఏసీ-8 అన్న సంఖ్యతో కనిపిస్తుంది. అయితే అవే పారిశ్రామిక ప్రమాణాలు మరో సూత్రాన్నీ చెబుతాయి: భద్రతా ఏర్పాటు ఏదైనా అత్యవసర నియంత్రణకు అడ్డుపడరాదు. ఫర్నేస్‌ను తక్షణం ఆపవలసిన ఆపరేటరుకూ ఆపే మీటకూ నడుమ 'అంగీకరిస్తున్నాను' అన్న పెట్టె నిలవకూడదు. ఫైర్‌వాల్ నిర్వాహకుని తెరపై తప్పనిసరి కావలసినది ఆపరేటరు తెరపై ప్రమాదకరం కావచ్చు. అక్కడ గోడపై అంటించిన ప్రకటన, విధులలో చేరేనాటి శిక్షణ ఆ పని చేయాలి.

రెండు అంచెల సందేశం

అమరికలో ఒక సహజమైన వైరుధ్యం ఉంది. వ్యవస్థ ఎవరిదో, ఏ నిబంధనలు వర్తిస్తాయో స్పష్టంగా చెప్పాలని న్యాయదృష్టి కోరుతుంది. సంస్థ పేరు, విభాగం, పరికరం నమూనా, సాఫ్ట్‌వేర్ వెర్షన్ వంటివేవీ అపరిచితునికి చెప్పరాదని భద్రతాదృష్టి కోరుతుంది. తలుపు బయట నిలబడిన వాడికి ఇంటి పటం ఇవ్వకూడదు కదా.

దీనికి పరిష్కారం పరికరాలలోనే ఉంది. సిస్కో రౌటర్లు, స్విచ్‌లలో మూడు రకాల సందేశాలు అమర్చవచ్చు: అనుసంధానం కాగానే కనిపించే 'మోటీడీ', పాస్‌వర్డు అడిగే ముందు వచ్చే 'లాగిన్', ప్రవేశం పూర్తయ్యాక కనిపించే 'ఎగ్జెక్'. ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లలో ప్రవేశానికి ముందు ఒకటి, తరువాత ఒకటి విడివిడిగా అమర్చుకునే వీలుంది. పాలో ఆల్టో పరికరాలలో సందేశాన్ని అంగీకరించాకే ముందుకు సాగేలా నిర్బంధించవచ్చు. కాబట్టి ద్వారం బయట పేర్లు లేని చిన్న హెచ్చరిక, ద్వారం లోపల పూర్తి నిబంధనలు అన్న విభజన సాధ్యమే.

ద్వారం బయటి సందేశం ఇలా ఉండవచ్చు: 'అధికారం పొందినవారికి మాత్రమే ప్రవేశం. ఇక్కడ జరిగే పనులు నమోదవుతాయి. అనుమతి లేని ప్రవేశం చట్టప్రకారం శిక్షార్హం. మీకు అనుమతి లేకపోతే ఇక్కడే ఆగండి.' లోపలి సందేశం మరికొంత వివరంగా: 'మీకు అప్పగించిన పని పరిధిలోనే మార్పులు చేయండి. మీరిచ్చే ఆదేశాలు, ప్రవేశ నిష్క్రమణ వేళలు నమోదవుతాయి. ఆ వివరాలను భద్రత, విచారణ అవసరాలకే వాడుతాము. సందేహం ఉంటే పర్మిట్ ఇచ్చిన అధికారిని సంప్రదించండి.'

చిన్న సాంకేతిక పొరపాట్లు ఈ శ్రమను వృథా చేయగలవు. సిస్కో పరికరాలలో సందేశం ఎక్కడ ముగిసిందో తెలిపేందుకు ఒక అక్షరాన్ని గుర్తుగా ఎంచుకుంటారు. అదే అక్షరం మధ్యలో వస్తే పాఠం అక్కడే తెగిపోతుంది. అలంకారం కోసం వాడిన కొన్ని గుర్తులను స్వయంచాలక నిర్వహణ ప్రోగ్రాములు ఆదేశ సూచికగా పొరబడి మధ్యలో ఆగిపోవచ్చు. ఎస్ఎస్‌హెచ్ పద్ధతిలో పాస్‌వర్డుకు ముందే సందేశం పంపే వీలున్నా, వాడుకరి వైపు ప్రోగ్రాము దానిని చూపకుండా దాచవచ్చు. ప్రవేశం తరువాతి అంగీకారాన్ని నమోదుచేయడం అందువల్లనే మేలు. వెబ్ తెర, కమాండ్ తెర, కన్సోల్ తీగ, దూరప్రవేశానికి వాడే వీపీఎన్ వంటి అన్ని ద్వారాలనూ విడివిడిగా తెరిచి చూడాలి. ముందు తలుపుకు పలక పెట్టి పెరటి తలుపును మరచిపోతే ప్రయోజనం లేదు.

ఎవరి భాషలో?

భిలాయ్ ఆరంభం నుంచీ బహుభాషా నగరం. హిందీ, ఛత్తీస్‌గఢీలతో పాటు తెలుగు, ఒడియా, బెంగాలీ, మలయాళం మాట్లాడే కుటుంబాలు ఉక్కు కొలువుల కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. ఆ కుటుంబాలలో మూడో తరం కూడా ఇప్పుడు పనుల్లో ఉంది. న్యాయవాదుల ఆంగ్లంలో రాసిన పదిహేను పంక్తుల హెచ్చరిక ఈ కార్మికునికి ఏమి చెబుతుంది?

ఫ్యాక్టరీలో ప్రదర్శించే ప్రకటనలు ఆంగ్లంతో పాటు అధిక సంఖ్యాక కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ నిర్దేశించింది. కార్మిక చట్టాల స్థానంలో కొత్త నియమావళులు వచ్చినప్పటికీ ఆ నిబంధన వెనుకనున్న ఆలోచన పాతబడలేదు: అర్థం కాని హెచ్చరికను హెచ్చరికగా పరిగణించలేము. గోడమీది కాగితానికి వర్తించిన ఈ న్యాయం తెరమీది అక్షరాలకు వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

అడ్డంకులు లేకపోలేదు. పాత కమాండ్ తెరలపై దేవనాగరి, తెలుగు లిపులు సరిగా కనిపించవు. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు ప్రత్యక్షమవుతాయి. అటువంటి చోట సరళమైన చిన్న ఆంగ్ల వాక్యాలు వాడి, పూర్తి పాఠాన్ని హిందీలో, ఇతర భాషలలో ముద్రించి పర్మిట్ కాగితంతో పాటు ఇవ్వవచ్చు. వెబ్ తెరపై రెండు భాషలూ పక్కపక్కనే ఉంచవచ్చు. కాంట్రాక్టు సంస్థతో చేసుకునే ఒప్పందంలోనూ అదే పాఠాన్ని చేర్చితే, తెరపై చెప్పేదీ కాగితంపై చెప్పేదీ ఒకటే అవుతుంది.

చెప్పిన మాట నిలబెట్టుకోవాలి

'ఇక్కడ జరిగే ప్రతి పనీ నమోదవుతుంది' అని రాయడం సులభం. అది నిజం కావాలంటే తెర వెనుక చాలా ఉండాలి. జాతీయ సైబర్ ఘటనల స్పందన సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. పరికరాల గడియారాలను నిర్దేశిత ప్రామాణిక కాలంతో సరిచూసుకోవాలి. గడియారాలు కలవని రెండు ఫైర్‌వాల్‌ల లాగ్‌ల నుంచి ఎవరు ముందు, ఎవరు తరువాత అని తేల్చడం అసాధ్యం.

అంతకన్నా పెద్ద లోపం ఉమ్మడి ఖాతా. షిఫ్టులో ఉన్న అందరూ 'అడ్మిన్' అన్న ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ప్రవేశిస్తే, హెచ్చరిక అందరినీ హెచ్చరిస్తుంది, లాగ్ మాత్రం ఎవరి పేరూ చెప్పదు. ప్రమాదం జరిగినప్పుడు దీని భారం ఎవరిపై పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ వేళకు అక్కడ కూర్చున్నవారిలో అత్యంత బలహీనుడు, సాధారణంగా కాంట్రాక్టు కార్మికుడు, సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. ఎవరి పేరిట వారికి ఖాతా ఇవ్వడం భద్రతా నియమం మాత్రమే కాదు. నిరపరాధికి అది రక్షణ. తాను హద్దు దాటలేదని నిరూపించుకునే హక్కు కార్మికునికి ఆ లాగ్ ద్వారానే లభిస్తుంది.

గోప్యత ప్రశ్న కూడా ఇక్కడే ఎదురవుతుంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఉద్యోగ అవసరాలకు, యాజమాన్యాన్ని నష్టం నుంచి కాపాడుకోవడానికి సమ్మతి లేకుండానే ఉద్యోగి డేటాను వాడుకోవచ్చని 7వ సెక్షన్‌లో చెబుతుంది. సమ్మతి అడగనక్కరలేని చోట ముందస్తు సూచన కూడా జారిపోయే ప్రమాదం ఉంది. పైగా కాంట్రాక్టు కార్మికునికి కాగితంపై యజమాని కాంట్రాక్టరు. లాగ్ ఉండేది కర్మాగారం చేతిలో. ఈ ఖాళీని చట్టం పూడ్చేవరకు, తెరపై నాలుగు నిజాయితీ వాక్యాలు కొంతవరకైనా పూడ్చగలవు. ఏమి నమోదు చేస్తున్నామో, ఎందుకో, దేనికి వాడబోమో చెప్పడం వల్ల భద్రత తగ్గదు. అమెరికా రక్షణశాఖ 2008లో తప్పనిసరి చేసిన ప్రామాణిక హెచ్చరిక కూడా, న్యాయవాదితోనూ మానసిక చికిత్సకునితోనూ మతగురువుతోనూ జరిపే గోప్య సంభాషణలను విడిగా పేర్కొని మినహాయించింది. సైనిక వ్యవస్థే తన నిఘాకు హద్దు రాసుకోగలిగినప్పుడు ఉక్కు కర్మాగారాలకు అది అసాధ్యం కాదు.

లాంఛనం నుంచి బాధ్యత దిశగా

సెర్ట్-ఇన్ 2025 జూలైలో సమగ్ర సైబర్ ఆడిట్ మార్గదర్శకాలను వెలువరించింది. ఆడిట్‌లు ఇకపై మరింత క్రమబద్ధం కానున్నాయి. ఈ దశలో హెచ్చరిక సందేశం 'ఉందా, లేదా' అన్న ప్రశ్నతో ఆడిటర్లు సంతృప్తి చెందరాదు. అది ఎవరికి అర్థమవుతుంది, అందులో చెప్పిన నమోదు నిజంగా జరుగుతోందా, పేరుపేరునా ఖాతాలు ఉన్నాయా, కాంట్రాక్టు ముగిసిననాడే ప్రవేశం రద్దవుతోందా, అత్యవసర తెరలకు అడ్డు లేకుండా ఉందా అని అడగాలి. ఈ ప్రశ్నలు భిలాయ్‌కు ఎంత వర్తిస్తాయో, అదే సోవియట్ సహకారంతో సముద్రతీరాన వెలసిన విశాఖ ఉక్కుకూ, తెలుగు రాష్ట్రాల విద్యుత్ కేంద్రాలకూ, నీటి పథకాలకూ అంతే వర్తిస్తాయి. 2017 మేలో వానాక్రై దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లను సైతం తాకిన అనుభవం తెలుగువారికి ఉంది.

ఖర్చు దాదాపు లేని ఏర్పాటు ఇది. కొత్త పరికరం కొననక్కరలేదు, ఉత్పత్తి ఆపనక్కరలేదు. కావలసినది నెట్‌వర్క్ విభాగం, న్యాయ విభాగం, భద్రతా విభాగం, కార్మిక సంఘాలు ఒకే బల్ల వద్ద కూర్చుని ఆ నాలుగు వాక్యాలను కలిసి రాయడం. ట్యాగ్ మీద సంతకం చేసిన వ్యక్తి పని ముగిసేవరకు దానికి బాధ్యుడన్నది ఉక్కు కర్మాగారాల పాత నియమం. ఫైర్‌వాల్ తెరపై హెచ్చరిక రాసే యాజమాన్యమూ ఆ నియమానికి అతీతం కాదు.